సగం బావి

1986 మార్చి 3
తమ్ముడు కిషన్‌రావు బావికి మోటారు బిగించాడు. తెల్లారీ తెల్లారకముందే మొదలు. గోడ అవతల ధార దబదబ పడుతుంటే గోడ ఇవతల మా గిరక కీచుమంటోంది.
పంపకం చేసిన పెద్దమనుషుల తెలివి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇల్లు పంచారు, పొలం పంచారు, ఇత్తడి సామాను తూచి పంచారు. బావిని కోయడం కుదరక ఒర మీద నడిమధ్యన గోడ లేపించారు. అటు సగం తమ్ముడిది, ఇటు సగం నాది. చెరొక గిరక. ఆ పెద్దమనుషుల్లో ఒక్కడూ ఇప్పుడు బతికి లేడు. నేనున్నాను. బావి ఉంది.

మార్చి 5
తమ్ముడి కబురు. నేరుగా కాదు. గోడ లేచినప్పటి నుంచి మా ఇద్దరికీ మాటలు లేవు. వాడి భార్య సుశీల బావి దగ్గర మా ఆవిడ అనసూయకు చెబితే, అనసూయ నాకు చెప్పింది. ఈ ఎండాకాలం బావి ఎండిపోతే పూడ్చేద్దామట. వాడి పెరట్లో బోరు వేస్తాడట. మా వైపుకు ఒక పైపు ఇస్తాడట.
ఇస్తాడు. దయ, అంగుళం పైపులో. కట్టేసే వాల్వు మాత్రం వాడి వైపు. కోర్టులో సిరస్తాదారుగా చేసినన్నాళ్లూ ఇట్లాంటి దయలు ఎక్కడికి పోయి తేలతాయో ఫైళ్ల నిండా చదివాను.
అనసూయతోనే చెప్పి పంపాను. మృగశిర కార్తె లోపల ఎండితే పూడ్చుకోమను, ఒప్పుకుంటాను. ఎండకపోతే మళ్లీ ఆ మాట ఎత్తొద్దు.
"ఎండకుంట మీరేం జేస్తరు?" అంది.
చూస్తుంది.

మార్చి 6
గోదావరి దాకా నడిచాను. ఇసుక. ఇసుక నడుమ ఒక పాయ, బర్రెలు పొర్లడానికి సరిపోయేంత. ఊళ్లో నల్లా ఉంది – నీళ్లకు ముందు దగ్గుతుంది, చాలాసార్లు దగ్గి ఊరుకుంటుంది. పేరుకు మంథని, నది ఒడ్డు ఊరు. తాగడానికీ స్నానానికీ అందరికీ ఇంటి బావే గతి.

మార్చి 14, శ్రీరాంపూర్
మా అబ్బాయి రవీందర్ క్వార్టర్‌లో ఉన్నాను. బొగ్గు బాయిలో డ్యూటీ నుంచి వచ్చి వాడు నల్లా కింద కూర్చుంటే నల్లటి నీళ్లు వాకిలి దాకా వస్తాయి. ఇక్కడ నీళ్లు కంపెనీవి, అందుకే ఎవరూ నల్లా కట్టెయ్యరు. కోడలు ముందే చెప్పింది, "ఆ షవరు ఖరాబైంది మామయ్యా, సున్నం పట్టింది, బకెట్ పెడత" అని.
వద్దన్నాను. చిల్లులు దాదాపు అన్నీ మూసుకుపోయాయి. మిగిలిన వాటిలోంచి సన్నని ధారలు, సూదుల్లాగా. కింద బకెట్ పెట్టుకుని చూశాను. ఒళ్లు రుద్దుకుని, సబ్బు పోయి, తల కూడా తడిసేసరికి బకెట్ సగం కూడా నిండలేదు.
ఇంట్లో చెంబుతో పోసుకుంటే ఎంత పోస్తామో ఎవరు చూశారు. సగం చెంబు ఒంటి మీద, సగం బండల మీద.

మార్చి 15
పెద్దపల్లి బస్సులో అదే ఆలోచన. పాడైపోయిన వస్తువు మంచి వస్తువు కంటే బాగా పనిచేయడం... ఈ దేశంలో అదొక్కటే శుభవార్త.

మార్చి 19
రేకు డబ్బాలు చేసే గౌస్ దగ్గరికి. నేను కాగితం మీద గీసిన షవరు బొమ్మ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
"సాబ్, గిన్నే చిల్లులా? గిది పూలకుండిక్కూడ చాలది. జర సోంచాయించుండ్రి."
బాగా ఆలోచించే వచ్చానన్నాను. దబ్బనం మొన పట్టేంత చిల్లులు ఉండాలి, మేకు పట్టకూడదు.
"అమ్మగారు మిమ్ముల ఏమనరు. నన్ను తిడ్తరు."

మార్చి 22
స్నానాలగది పిట్టగోడ మీద పీపా ఎక్కించాను. దాని కింద నల్లా, నల్లాకు గౌస్ చేసిన షవరు. నిలబడి కాదు, పీట మీద కూర్చుని పోసుకోవాలి. తడవాలి, నల్లా కట్టాలి, రుద్దుకోవాలి, మళ్లీ విప్పాలి. ఇంటికి ఇదే చట్టం. పారిన నీళ్లు అరటి మొదట్లోకి. బియ్యం కడిగినవి బర్రెకు. గిన్నెలు బూడిదతో తోమి ఒకే తొట్టిలో ముంచాలి.
అనసూయ స్నానం చేసి వచ్చింది, మొహం ముడుచుకుని. "గుళ్లె తీర్థం గూడ గిందుకన్న నయం."
తీర్థంతో పుణ్యం వస్తుంది కానీ బావిలో నీళ్లు మిగలవు అన్నాను.

మార్చి 24
అక్క మాత్రం లొంగడం లేదు. మా ఇద్దరికీ పెద్దది. భర్త పోయి పుట్టింటికి వచ్చినప్పటి నుంచి ఇక్కడే. పంపకంలో ఆమెనూ పంచారు – దసరా నుంచి ఉగాది దాకా నా ఇల్లు, ఉగాది నుంచి దసరా దాకా వాడి ఇల్లు. మడి స్నానానికి బిందెల మీద బిందెలు కావాలి.
"తల మీద ధార పడాలె తమ్మీ. గిది తానమా, చిలకరింపా?"
వాన మాట ఎత్తాను. వాన కూడా చినుకులే, వానలో తడిస్తే మైల పోదా అని.
"వాన దేవుడు కురిపిస్తడు. గిది గౌస్ జేసిండు."
కోర్టులో ఇంత గట్టి వాదన వినలేదు. వాయిదా వేశాను.

మార్చి 29
అవతల నుంచి కిషన్‌రావు గొంతు. నాకు వినపడాలనే.
"మా అన్న సచ్చినంక గూడ తానానికి చెంబెడే పొయ్యమంటడు."
పోయనీ. చెంబు చాలు.

ఏప్రిల్ 2
మార్చి మొదట్లోనే చేంతాడుకు ముడి వేసి పెట్టాను, నీళ్లు ఎక్కడున్నాయో తెలియడానికి. ముడి బావిలోకి పోయి చాలా రోజులైంది. వాడకం సగానికి తెచ్చాను. అయినా మట్టం దిగుతోంది, ఇదివరకటి లెక్కనే. ఒరలో పగులేమో. కింద ఊట సన్నబడిందేమో. రాళ్లు, నేల, ఊటల గురించి ఉన్న పుస్తకాలు రెండు కిందికి దించాను. దుమ్ము.

ఏప్రిల్ 4
నీళ్లు చేదుతూ అనసూయ అడిగింది. బొక్కెన సగంలో ఆపి, అట్లాగే తాడు పట్టుకుని.
"మీరు మిగిల్చిన నీళ్లు మీ పేరు రాసుకోని ఆడనే కూసుంటయా? గోడ పైననే గద. నీళ్లల్ల లేదు."
అవతల మోటారు నడుస్తోంది. కిషన్‌రావు జీపు కడిగిస్తున్నాడు.
తెలియక కాదు. చిన్నప్పుడు ఉర్దూ మీడియం పుస్తకంలోనే ఉంది, నీళ్లు తమ మట్టం తామే వెతుక్కుంటాయని. తెలిసినదాన్ని లెక్కలోకి రానివ్వలేదు. 'నా సగం' అనుకుంటూ వచ్చాను. పెద్దమనుషుల్ని తిడుతూ పెద్దమనుషుల గోడనే నమ్ముకున్నాను. ఇన్ని రోజులు మేం కడుపు కట్టుకుని మిగిల్చిందంతా ఆ జీపు చక్రాల మీద పారింది.

ఏప్రిల్ 5
అంతా తోడి వీధిలో పారబోద్దామనిపించింది. వాడికి దక్కకపోతే చాలు. బొక్కెన పైకి లాగాను, గుమ్మం దాకా మోశాను. పారబోయడానికి చెయ్యి రాలేదు. తెచ్చి పీపాలో పోశాను.
ఓడిపోవడానికి రెండు దారులున్నాయి – మిగిల్చి ఓడడం, పారబోసి ఓడడం. ఈ రెండోది నాకు వద్దు. ఇవతల చిల్లులు తగ్గించి లాభం లేదు. అవతల తగ్గించాలి.

ఏప్రిల్ 7
అక్క స్నానాలగదిలోంచి ఎంతకీ రాలేదు. అనసూయ కంగారు పడి తలుపు కొట్టింది. లోపల షవరు చప్పుడు. మోకాళ్లు నొప్పులట, బిందె ఎత్తలేకపోయిందట, అందుకని పీట మీద కూర్చుని నల్లా విప్పిందట. ఎండకు కాగిన పీపా నీళ్లు, వీపు మీద సన్నగా.
బయటకు వచ్చి నా వైపు చూడకుండా చెప్పింది. "మడికి గాదు. ఉత్త తానానికి."
గెలిచినప్పుడు నోరు మూసుకోవడం ఈ వయసులో నేర్చుకున్నాను.

ఏప్రిల్ 10
ఉగాది. వంతు మారింది. అక్క బట్టల మూటతో గోడ అవతలికి వెళ్లింది, వీధి చుట్టూ తిరిగి. మూటలో గౌస్ చేసిన ఇంకో షవరు. నేనేమీ పంపలేదు. తానే అడిగి చేయించుకుంది. ఆ ఇంట్లో అక్క మాట కాదనేవాడు లేడు, కిషన్‌రావుతో సహా. చిన్నప్పుడు వాణ్ణి ఎత్తుకుని తిప్పింది ఆమే.
పచ్చడి తియ్యగా కుదిరింది.

ఏప్రిల్ 16
తొందరపడ్డాను. అక్క షవరు బిగించమంటే కిషన్‌రావుకు పౌరుషం పొడుచుకొచ్చింది. రేకుదా, మా ఇంట్లోనా అన్నాడట. కరీంనగర్ పోయి మెరిసే ఇత్తడిది తెచ్చాడు, పళ్లెమంత. మోటారు నుంచి నేరుగా పైపు. ఇప్పుడు ఆ ఇంట్లో అందరూ దాని కిందే, పొద్దునా సాయంత్రమూ.
గౌస్ షవరు సుశీల అటక మీద పెట్టిందట.
అంటే నా వల్ల వాడి నీళ్లు తగ్గలేదు. పెరిగాయి. రాసి పెట్టుకుంటున్నాను, మరిచిపోకుండా.

ఏప్రిల్ 17
అయినా మా ఇంట్లో చట్టం మారదు.

ఏప్రిల్ 30
అక్క వీధి అరుగు మీద కూర్చుని మాట్లాడింది. వంతు కాని కాలంలో మా ఇంట్లోకి రాదు, అదొక పట్టింపు.
"అది తానం గాదు తమ్మీ, దెబ్బలు. ఒళ్లంత హూనమైతున్నది. కిషన్‌కు చెప్పిన. నవ్విండు."
బావి సంగతి చెప్పావా అన్నాను.
"చెప్పిన. ఎండనియ్యే అక్కా, బోరేస్త గద అన్నడు."
వాడికి బావి ఎండడమే కావాలి. నీళ్లు పారబోయడం వాడికి దుబారా కాదు, దావా. నాకు ఇప్పటిదాకా తట్టలేదు.

మే 9
తాడుకు కొత్త ముక్క కట్టాను. ఇదివరకు నీళ్లలో మునిగి ఉండే రాతికి బొక్కెన తగిలి మోగింది. అనసూయ రోజు విడిచి రోజు స్నానం చేస్తోంది, నేను చెప్పకుండానే. అరటి ఆకులు వాడిపోయాయి. వాటికి నేనే నీళ్లు ఆపాను.

మే 14
అనసూయ అడిగింది, పైపు తీసుకుంటే ఏమవుతుంది, అన్నదమ్ములే కదా అని.
పైపులో నీళ్లు వస్తాయి నిజమే. రోజూ పొద్దున నల్లా విప్పేటప్పుడు వాడు ఇస్తాడా ఇవ్వడా అని ఒక్క క్షణం ఆగాలి. ఆ క్షణం నాకు వద్దు. బావి అయితే ఎవరినీ అడగదు, నన్నూ అడగదు, వాడినీ అడగదు.
"గట్లయితె ఎండనియ్యొద్దు" అని చీర కుచ్చిళ్లు ఎగదోపి తాడు నా చేతిలోంచి తీసుకుంది. ఇన్నేళ్ల సంసారంలో నా వాదన ఆమెకు నచ్చడం...

మే 20
మోటారు గాలి పీలుస్తోంది. బర్రె దగ్గినట్టు నాలుగు దగ్గులు, ఆగిపోయింది. మళ్లీ వేశారు. మళ్లీ గాలి. పైపు మూతికి అందనంత కిందికి పోయాయి నీళ్లు.
మా బొక్కెనకు అందుతున్నాయి. పొద్దున కొన్ని, ఊరాక సాయంత్రం కొన్ని. అడుగున మట్టి. బట్ట కట్టి వడబోస్తే తాగొచ్చు.
సుశీల కబురు: బావి ఎండిందని ఆయన అంటున్నారట, మాట మీద నిలబడమంటున్నారట.
ఎండింది మోటారుకు. బావి కాదు. ఏ కోర్టులోనైనా వాదిస్తాను.

మే 22
లేచి చూసేసరికి గోడ మీద ఒక బిందె. ఖాళీది. పంపకంలో వాళ్లకు పోయిన బిందె, అవ్వ పేరు చెక్కినది. ఎవరు పెట్టారో తెలియదు, గాజుల చప్పుడు మాత్రం వినిపించింది. వాడి గిరక ఎప్పుడో పీకేశాడు, మోటారు షెడ్డుకు అడ్డమని.
నింపాను. పుణ్యానికి కాదు. అక్క అక్కడుంది.

మే 23
అక్కతో షరతులు పంపాను. వానలు పడేదాకా మోటారు విప్పాలి. ఇత్తడిది తీసి గౌస్‌ది బిగించాలి. అప్పుడు రెండిళ్లకూ నేనే చేదుతాను, ఇద్దరికీ ఒకే కొలత.
సాయంత్రం అక్క జవాబు: సుశీల అటక మీంచి రేకు షవరు దించిందట, పీపా కింద కట్టిందట. అక్క మొట్టమొదట అదే పోసుకుందట. మోటారు మాట వినగానే కిషన్‌రావు పోయి బోరు బండికి బయానా ఇచ్చి వచ్చాడట.

మే 24
రెండు బిందెలు. నా భుజాలు నావి కావు. ఫికర్ లేదు.

మే 26
నడిమధ్యాహ్నం తలుపు చప్పుడు. కిషన్‌రావు. చేతిలో తల దువ్వుకునే అద్దం. వాడి వైపు బావి మీద మోటారు షెడ్డు, ఎండ పడదు. మా వైపే పడుతుంది. మా చిన్నప్పుడు బావిలో బిందె పడితే బాపు అట్లాగే అద్దం పట్టి వెతికేవాడు.
జుట్టు పూర్తిగా తెల్లబడింది. గోడ మీదుగా గొంతు విన్నాను కానీ ఇంత దగ్గరగా చూడలేదు.
"అన్నా, పంచాయితి వద్దు. కండ్లతోటి చూద్దాం. నీళ్లు లేకుంటె బోరు బండిని రమ్మంట."
ఉంటే?
"ఉంటె వద్దంట."
ఇద్దరం ఒర మీదికి వంగాం. ఎండను పట్టి లోపలికి మళ్లించాడు. వెలుగు ముక్క రాళ్ల మీదుగా దిగింది, నాచు ఎండిన చారలు దాటింది, అడుగు దాకా పోయింది. అక్కడ కదిలింది.
నీళ్లు అన్నాను. బురద అట్లా కదలదు.
"నీళ్లు గావు. నా చెయ్యి వణికింది."
పొలం పంచుకుని కాగితాల మీద సంతకం పెట్టిన రోజు ఆ చెయ్యి వణకలేదు. అనబోయాను. చేతిని చూశాను. నిజంగానే వణుకుతోంది.
అద్దం నేను తీసుకున్నాను. రెండు మోచేతులూ ఒరకు ఆనించి పట్టాను. వెలుగు మళ్లీ కదిలింది. నా చెయ్యి వణకలేదనే అనుకుంటున్నాను. వాడు నా చేతినే చూస్తున్నాడు, బావిలోకి కాదు.
బొక్కెన వేశాం. నిన్న అందిన తాడు ఇవాళ చాలలేదు.
"రేపొస్త" అన్నాడు. అద్దం తీసుకుని పోయాడు.
పొద్దున బజారు తెరవగానే తాడు తేవాలి. రెండు మూరలు ఎక్కువే.