ఊట దగ్గరి ఎర్ర టేపు

రాజన్నా,

జార్జియా మంచుకొండల్లో నువ్వు జారిపడి ప్రాణం వదిలిన దారిలో, ఏడాది తర్వాత నేనూ నడిచాను. ఇప్పుడు దోహాకు తిరిగొచ్చాను. గడ్డి, ముళ్లపొదలు పెరిగి దారి చాలాచోట్ల కనిపించలేదు. నువ్వు పనిచేసిన మెసయీద్ సైటులో లాగే, వెనక వచ్చేవాడి కోసం మలుపు మలుపుకీ నువ్వు కట్టిన ఎర్ర టేపులే నన్ను నడిపించాయి.

గుర్తులు దొరక్క ఊట దగ్గరే వెనుదిరిగాననీ, నువ్వు పడడం చూడలేదనీ నీ వెనకే నడిచిన మీ కంపెనీ శీను అప్పట్లో చెప్పాడు. కానీ ఊట పక్కనే, పైకెళ్లే మలుపులో కొమ్మకి ఒక టేపు ఉంది.

ఇవాళ దోహాలోని అబూ హమూర్‌లో అతన్ని టీకి పిలిచి, ఆ టేపు అతని ముందు పెట్టాను.

"గాలికి ఎగిరొచ్చి చిక్కుకున్నదేమో అన్నా."

"ముడి నేనే విప్పాను శీనూ."

డ్యూటీ ఉందంటూ టీ వదిలేసి లేచాడు. ఇవాళ శుక్రవారం. మీ కంపెనీకి సెలవు.