వేపగంజి టోపీల పంపకం

వరంగల్ జిల్లా, మహబూబాబాద్ తాలూకా, నెల్లికుదురు గ్రామ నివాసిని, రైల్వేలో పాయింట్‌మన్‌గా చేసి కాలం చేసిన సదానందం భార్యను, అరవై రెండేళ్ళ సరోజనను నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయిస్తున్న వీలునామా ఇది. తెలివి సంగతి డాక్టరుకు కూడా చూపించుకున్నాను. ఆయన భార్య నా దగ్గర రెండు టోపీలు కుట్టించుకున్నది కాబట్టి ఆయన కాదనలేదు.

1. ఇల్లు, రెండెకరాల చెలక నా కొడుకు దయాకర్‌కు. సర్పంచ్‌గా నిలబడ్డప్పుడు "అవ్వా, గా టోపీలు జర లోపల పెట్టు, ఓట్లు పడయి" అన్నాడు. పెట్టాను. అయినా ఓడిపోయాడు. ఆ ఓటమికి టోపీలు బాధ్యులు కావని ఇందుమూలంగా తెలియజేయడమైనది.

2. కుట్టుమిషన్, రిబ్బన్ల పెట్టె, టోపీల చెక్క అచ్చు కోడలు రాధకు. అచ్చు డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి ఆంగ్లో ఇండియన్ గార్డు భార్య, దొరసాని ఇచ్చింది. గంట ఆకారం టోపీ, ఓరగా పెట్టుకునే టోపీ, ముఖం మీదికి జాలీ దిగే టోపీ, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

3. గంజి పాళ్ళు కూడా రాధకే. నా ఆస్తిలో అసలైనది ఇదే. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో రైళ్ళు ఆగి, టోపీని బిరుసుగా నిలబెట్టే బక్రం గుడ్డ హైదరాబాదు నుంచి రాలేదు. దొరసానికేమో ఈస్టర్‌కు టోపీ కావాలి. వరిగడ్డి జడలల్లి, చుట్టి కుట్టి, బిరుసుగా నిలవడానికి అన్నం గంజి పట్టించాను. అలవాటు కొద్దీ గంజిలో ఉప్పు వేశాను. చర్చికి పోయే దారిలో ఒక బర్రె ఆ టోపీని దొరసాని నెత్తి మీదే మేసింది. బర్రెను తప్పు పట్టలేము, ఉప్పుగంజీ వరిగడ్డీ దాని రోజువారీ భోజనమే. దొరసాని మిగిలిన సగం టోపీతోనే చర్చిలో కూర్చుని, ప్రార్థన అయ్యేదాకా నవ్వు ఆపుకోలేకపోయింది. అప్పటి నుంచి నాలుగు పాళ్ళ గంజికి ఒక పాలు వేపాకు కషాయం కలుపుతున్నాను, ఉప్పు లేదు. ఇది రాస్తున్న వెంకట్రాం వెంటనే మరచిపోవలెను.

4. ఎండలో మిరపకాయలు ఏరే సక్రికి వెడల్పు అంచు టోపీలు రెండు. తట్ట దాని మీదే మోస్తుంది కాబట్టి లోపల చుట్టబట్ట కుట్టాను. ఆమె నవ్వితే నాకు కడుపు నిండుతుంది.

5. ఎర్ర గుడ్డపూల టోపీ నా ఆడబిడ్డ చిలుకమ్మకు. బర్రె కథను ఊరూరా మోసింది ఆమే. పద్నాలుగేళ్ళుగా నన్ను చూస్తే చాలు, "బర్రె మేత వచ్చింది" అంటుంది. నాకు కోపం పోలేదు. కానీ మా ఇంట్లో నా టోపీ ఎక్కని తల ఆమెదొక్కటే. పోయినేడు ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తుంటే దారంతో తల కొలిచి మరీ కుట్టాను. ఆమె పెట్టుకుంటే ఒక్కసారి చూడాలని నా ఆశ. వీలునామా నేను పోయాకే అమలవుతుందని వెంకట్రాం అంటున్నాడు. అంటే ఆమె పెట్టుకున్నా నేను చూడలేను. ఇది నాకు చాలా బాధగా ఉన్నది.

కొట్టివేతలు: ఒకటి. సాక్షిగా పిలిపించిన చిలుకమ్మ, పై అంశాలు చదివి వినిపించగా, "నువ్వు సచ్చేదాంక నేనెందుకాగాలె వదినె, ఇటు తే" అని టోపీ తీసుకుని పెట్టుకున్నది. కావున అయిదో అంశం రద్దు. కొలత సరిపోయింది.

తేదీ: 11 ఏప్రిల్ 1983

(సంతకం) సరోజన

సాక్షులు:
యాకయ్య, సంతకం
చిలుకమ్మ, వేలిముద్ర. అద్దం తెచ్చేదాకా వేలు ఇవ్వనన్నందున ఆలస్యమైనది.