జోగారావు ఎడమ చెయ్యి

ఫిబ్రవరి 26, 1979. సోమవారం.

ఈసారి పోటీ లిస్టులో నా పేరు లేదు. యెషయా పేరు ఉంది.

సైరన్ కూశాక చేతులు కడుక్కుంటుంటే వెంకటరత్నం మాస్టారు నన్ను పక్కకు పిలిచారు. మా లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ బాక్సర్లకు కోచ్ ఆయనే. నాకు ముప్పై అయిదు దాటాయట, రూలు ఒప్పుకోదట, మనసు కష్టపెట్టుకోవద్దట. మరి మా క్యారేజ్ షాపు తరఫున జోగారావు మీదికి ఎవరిని దింపుతున్నారని అడిగాను. పెయింట్ సెక్షన్ యెషయా అన్నారు.

నవ్వొచ్చింది. ఇంటికొచ్చేసరికి నవ్వు పోయింది.

జోగారావు లోకో షాపు మనిషి, మా ఇంటర్‌షాప్ హెవీవెయిట్ చాంపియన్. ఏటా అతనే. అతని కుడిచెయ్యి తగిలినవాడు మూడో రౌండ్ చూడలేదు, నేను తప్ప. నేను రెండుసార్లు ఓడాను. కానీ ఆఖరి గంట కొట్టేదాకా కాళ్ల మీద నిలబడి ఓడాను. క్యాంటీన్‌లో టీ ఇచ్చేటప్పుడు కూడా ఆ మాటే అంటారు, జోగారావు ముందు నిలబడ్డ మొనగాడని. నాకంటూ ఉన్నది అదొక్కటే. వచ్చే నెల పోటీలో యెషయా గనక గెలిస్తే, నిలబడి ఓడినవాణ్ణి ఎవడు తలుచుకుంటాడు?

గెలవడులే.

ఫిబ్రవరి 28, బుధవారం.

భస్మ బుధవారం. ఉపవాసం. గుళ్లో నా ముందు బెంచీలో యెషయా. ఈస్టర్ దాకా, లెంట్ నలభై రోజులూ, మాంసం ముట్టనని మొక్కుకున్నాడట. భేష్. ఎనభై ఒక్క కిలోలు దాటకపోతే హెవీవెయిట్ కాదు. వాడు నీళ్లు తాగి నిలబడితేనే ముల్లు అటూ ఇటూ ఊగుతోంది. జోగారావు వంద దాటి ఎన్నాళ్లయిందో.

ఆ సంగతి ఇంట్లో చెప్పి నవ్వాను. అదే నేను చేసిన పొరపాటు. మా ఆవిడ మేబెల్ నవ్వలేదు. పాపం తల్లి లేని పిల్లాడు కదండీ అంది. ఇరవై నాలుగేళ్ల పిల్లాడు! సాయంత్రానికి పల్లీలు వేయించి బెల్లం పాకం పట్టి ఉండలు చుట్టింది. పెళ్లయిన కొత్తలో నా ఫైట్‌కు ముందు చేసిపెట్టిన ఉండలే అవి. డబ్బా నా చేతికిచ్చి వాడికిమ్మంది.

దారిలో నేను కొన్ని తిన్నాను.

మార్చి 3, శనివారం.

మాస్టారికి ఇంకో ఆలోచన వచ్చింది. జోగారావు ఎలా కొడతాడో నాకన్నా ఎవరికి తెలుసు? కాబట్టి నేను గ్లవ్స్ వేసుకుని రోజూ డ్యూటీ అయ్యాక యెషయా ముందు జోగారావులాగా ఆడాలట. స్పారింగ్‌కు నేను, ఫైట్‌కు వాడు. వంటకు వదిన, వడ్డనకు వేరేవాళ్లు.

కాదందామనుకున్నాను. అవునన్నాను. వాణ్ణి కొట్టొచ్చు కదా.

మార్చి 6, మంగళవారం.

కొట్టాను. హాయిగా ఉంది.

మార్చి 9, శుక్రవారం.

యెషయా రోజూ దెబ్బలు తింటున్నాడు, రోజూ థాంక్స్ అన్నా అంటున్నాడు. జెర మెల్లగ అని ఒక్కసారి కూడా అనడు. అదీ నా మంట. తిట్టినా బాగుండును.

మాస్టారు వాడికి చెప్పేది ఒకటే. జోగారావు కుడిచెయ్యి లేస్తే వెనక్కి జరుగు, దూరంగా ఉండు, పాయింట్లు తెచ్చుకో. అందరికీ అదే చెప్పారు ఇన్నేళ్లూ. అందరూ వెనక్కే జరిగారు, అందరూ పడిపోయారు. వెనక్కి జరిగితే ఆ పొడుగు చేతికి కావలసినంత చోటిచ్చినట్టే.

సంగతి నాకు తెలుసు. నాకొక్కడికే తెలుసు. పోయినేడాది మూడో రౌండ్‌లో వెనక్కి జరగడానికి కాళ్లు రాక ముందుకు తూలాను. అప్పుడు చూశాను. కుడిచెయ్యి విసిరాక జోగారావు ఒక్క క్షణం ఆగుతాడు, తన దెబ్బ ఎలా తగిలిందో చూసుకోవడానికి. ఆ క్షణంలో ఎడమ చెయ్యి దవడ దగ్గర ఉండదు, నడుం దగ్గరికి దిగిపోతుంది. కుడిచెయ్యి కిందనుంచి దూరి లోపలికి పోయినవాడికి దవడ మొత్తం తెరిచిన తలుపే. బయట నిలబడ్డ మాస్టారికి ఆ వీపు తప్ప ఏమీ కనబడదు. అప్పుడు నాకు చెయ్యి ఎత్తే ఓపిక లేదు. ఈ ఏడు కొడదామనుకున్నాను.

యెషయాకు చెప్పను. నా ముక్కు పగిలి తెలుసుకున్నది వాడికెందుకు చెప్పాలి? స్పారింగ్‌లో జోగారావులాగా అన్నీ చేస్తున్నాను. ఎడమ చెయ్యి మాత్రం దించడం లేదు.

మార్చి 12, సోమవారం.

వాడిలోనూ ఒక లోపం దొరికింది. తన దెబ్బ బాగా తగిలిందనుకోగానే గడ్డం పైకెత్తుతాడు, ఫోటోకు నిలబడ్డట్టు. అదీ ఎవరికీ చెప్పలేదు. ఎత్తినప్పుడల్లా ఒకటి ఇస్తున్నాను.

మార్చి 14, బుధవారం. రాత్రి.

ఏం చేశాను నేను? ఏం చేశాను?

లెంట్‌లో బుధవారం బుధవారం ఒక్కొక్కరింట్లో ప్రార్థన కూటం. ఇవాళ మౌలాలిలో, యెషయా ఇంట్లో. పాటలయ్యాక ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేస్తున్నారు. యెషయా వంతు వచ్చింది. వాడు జోగారావు కోసం ప్రార్థించాడు! అతని ఒంటికి దెబ్బ తగలకూడదట, అతని పిల్లలు చల్లగా ఉండాలట. అందరూ ఆమేన్ ఆమేన్ అంటున్నారు. పక్కన మేబెల్ ముక్కు చీదుతోంది. పదిహేనేళ్లుగా నేను ప్రార్థన చేస్తున్నాను, ఒక్కనాడూ ఆమె ముక్కు చీదలేదు.

తర్వాత నా వంతు. ఒళ్లు మండిపోతోంది. వాడికన్నా బాగా చెయ్యాలి, వాడికన్నా పొడుగ్గా చెయ్యాలి, అంతే నా బుర్రలో ఉన్నది. కళ్లు మూసుకుని గొంతెత్తాను. రింగ్, తాళ్లు, గ్లవ్స్, అన్నింటినీ దీవించమన్నాను. ఆమేన్‌లు మొదలయ్యాయి. ఇంకొంచెం ఎత్తాను. ఆమేన్‌లు పెరిగాయి. ఇక నా నోరు నా మాట వినలేదు.

"ప్రభువా, ఆ కుడిచెయ్యి లేచినప్పుడు నీ బిడ్డను వెనక్కి పోనియ్యకు తండ్రీ, దాని కిందనుంచి లోపలికి నడిపించు తండ్రీ, అతని ఎడమ చెయ్యి నడుం దగ్గరికి దిగే ఆ ఒక్క క్షణం నీ బిడ్డకు చూపించు తండ్రీ!"

ఇల్లంతా ఆమేన్ అంది. యెషయా మాత్రం అనలేదు. నేను కళ్లు తెరిచేసరికి వాడు నన్నే చూస్తున్నాడు.

బస్‌లో మేబెల్ అడిగింది, మీకు ముందే తెలుసా అని. అవునన్నాను. మా స్టాపులో దిగాక, కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు, మీరు జారడమే మంచిదయింది అంది.

మార్చి 15, గురువారం.

యెషయా రాత్రికి రాత్రే మాస్టారికి చెప్పినట్టున్నాడు. గ్లవ్స్ కట్టుకుంటుంటే ఇద్దరూ వచ్చారు. నిజంగా ఎడమ చెయ్యి దించుతాడా అని మాస్టారు అడిగారు. ఏదో ప్రార్థన ఊపులో అన్నానని చెప్పేస్తే అయిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది. దేవుడి ముందు, అంతమంది ఆమేన్ అన్న మాట, అబద్ధమని ఎలా అనను? మా నాయన గుళ్లో పెద్ద. ప్రార్థనలో అబద్ధమాడినవాడికి నోరు పడిపోతుందని చెప్పి పెంచాడు.

దించుతాడన్నాను.

అయితే మీరూ దించండి అన్నారు మాస్టారు. దించాను. మొదట్లో యెషయా కుడిచెయ్యి అందలేదు. తర్వాత అందింది.

మార్చి 19, సోమవారం.

దవడ నొప్పి. మేబెల్ నాకు గంజి, వాడికి పల్లీ ఉండలు.

మార్చి 24, శనివారం.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు కిటకిటలాడిపోయింది. కిటికీల్లో కూడా మనుషులే. లోకో షాపువాళ్లు యెషయాను చూసి ఈల వేసి, అరటిపండు తిని రమ్మన్నారు. నేను వాడి కార్నర్‌లో, తువ్వాలు, నీళ్ల బకెట్ పట్టుకుని.

మొదటి రౌండ్‌లో యెషయా భయపడ్డాడు. నేర్పినదంతా మర్చిపోయి వెనక్కీ వెనక్కీ పోయాడు. రెండో రౌండ్‌లో కుడిచెయ్యి తగిలింది. పడ్డాడు. రిఫరీ లెక్కపెడుతున్నాడు. నిజం రాసుకోవాలి కదా. లేవకురా అనుకున్నాను. అక్కడే పడుకోరా, నా మాట నాకు మిగల్చరా అనుకున్నాను. లేచాడు.

స్టూలు మీద కూర్చున్నాక వాడికి మాస్టారు మాటలు వినబడ్డం లేదు. నా వైపు తిరిగి ఒక్క మాట అడిగాడు.

"అన్నా, ఇప్పుడు సుత దించుతడా?"

కాదని తల ఊపితే చాలు. ఎవరికీ తెలియదు, దేవుడికి తప్ప. వాడి కనుబొమ్మ మీద రక్తం తుడుస్తూ, దించుతాడ్రా, పో లోపలికి అన్నాను.

మూడో రౌండ్. జోగారావు కుడిచెయ్యి లేచింది. యెషయా దాని కిందికి దూరాడు. జోగారావు ఆగాడు. ఎడమ చెయ్యి దిగింది. ఏడాదిగా కళ్లు మూసినా తెరిచినా నాకు కనబడుతున్న క్షణం అదే. కొట్టరా అని అరిచి నేనూ గాలిలో గుద్దాను. బకెట్ తన్నుకుని నీళ్లన్నీ ఒలికాయి.

జోగారావు కూలబడ్డాడు. ఎవరో పిలిస్తే వచ్చి కూర్చున్నట్టు కూర్చుని, వింతగా చుట్టూ చూశాడు. పది లెక్కపెట్టేదాకా లేవలేదు. నవ్విన నాపచేనే పండింది.

యెషయాను భుజాల మీద ఎత్తుకున్నారు. గడ్డం పైకెత్తాడు. నేను తడి బూట్లతో ఇంటికి నడిచి వచ్చాను. ఆ దెబ్బ నాది. చెయ్యి మాత్రమే వాడిది.

మార్చి 25, ఆదివారం.

గుళ్లో యెషయా సాక్ష్యం చెప్పడానికి లేచాడు. చెప్తాడు, జకర్యా అన్న నేర్పాడని చెప్తాడు, అంతమందిలో చెప్తాడు అనుకున్నాను. బెంచీలో సర్దుకుని కూర్చున్నాను.

నేనేం చెయ్యలేదు, జకర్యా అన్న ప్రార్థనే గెలిపించింది అన్నాడు.

ప్రార్థన! నా కళ్లు కాదు, నా ముక్కు కాదు, నా రెండు ఓటములు కాదు. ఆరాధన అయ్యాక జనం నా చుట్టూ మూగారు. ఒకామెకు కొడుకు ఇంటర్ పరీక్షలట, ఒకాయనకు ప్రమోషనట. పాస్టరు అయ్యగారు నా రెండు చేతులూ పట్టుకుని, ఇంత భారం కలిగిన ప్రార్థన ఈమధ్య వినలేదన్నారు. యెషయా దూరంనుంచి నవ్వుతున్నాడు, మంచి పని చేసినట్టు. వాడు మంచివాడే. మంచివాడు కాబట్టే నాకు నిద్ర లేదు.

మార్చి 27, మంగళవారం.

క్యాంటీన్‌లో మొదటి టీ యెషయాకిచ్చారు. నాకు ఇస్తూ, టీ కాసేవాడు తన మోకాళ్ల నొప్పులకు కాస్త ప్రార్థన చెయ్యమన్నాడు. ముందు నిలబడ్డ మొనగాడన్న మాట ఎవరూ అనలేదు.

ఏప్రిల్ 4, బుధవారం.

ఇవాళ కూటం మా ఇంట్లో. రెండో పాట నడుస్తుండగా గుమ్మం నిండా ఎవరో నిలబడ్డారు. జోగారావు. చెప్పులు విప్పి వచ్చాడు. యెషయా జరిగి చాప మీద చోటిచ్చాడు.

ప్రార్థన మనవులు ఎవరికున్నాయని అయ్యగారు అడిగితే జోగారావు చెయ్యెత్తాడు. వచ్చే ఏడు మళ్లీ దిగుతున్నాడట. తర్వాత నా వైపు చూశాడు.

"ఆడికోసం సేసినావట గదా జకర్యా. అలాగే నాకోసం కూడా ఓటి సెయ్యి."

అందరూ కళ్లు మూసుకున్నారు. యెషయా కూడా. గడ్డం కొంచెం పైకెత్తి ఉంది.

నేను నోరు తెరిచాను.