చుక్క తాడు ఎవరి చేతికి

చిట్యాల లచ్చయ్య అనే నేను, తండ్రి నర్సయ్య, వయసు అరవై తొమ్మిది, ముంబయి కామాఠిపురా పదకొండో గల్లీ నివాసిని, గుర్రాలకు లాడాలు కొట్టి బతికినవాణ్ణి, నా ఇష్టప్రకారం ఈ వీలునామా రాస్తున్నాను. నిద్ర సరిగ్గా పట్టడం లేదు. మతి మాత్రం సరిగ్గానే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. గుండెకు రెండోసారి వైద్యం అయ్యాక డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగుతున్నాను, ఎందుకంటే చుక్క అనే నా గుర్రం రెండు గల్లీల అవతల ఉంది. ఇంతకు ముందు రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. వాటిలో నాలుగో అంశం లేదు.

1. ఈ వీలునామా అమలు బాధ్యత గుర్రాల డాక్టరు దర్శనది. ముంబయిలో విక్టోరియా గుర్రపు బండ్లు ఆగిపోయినప్పటి నుంచి, ఎవరికీ అక్కరలేని గుర్రాలు పదకొండు నా చేతికి వచ్చాయి. ఆరు కోలుకుని మంచి చోట్లకు వెళ్ళాయి. నాలుగు పోయాయి. మిగిలింది చుక్క. ఇన్నేళ్ళలో దర్శన ఏ గుర్రాన్ని చూసీ తొందరపడి "ఇది బతకదు" అనలేదు. ఆమెకు నా దగ్గర ఇవ్వదగ్గది లేదు. ఈ శ్రమ మాత్రం ఇస్తున్నాను, క్షమించాలి.

2. మా గది, ఈ పాత చాల్ భవనం కూల్చి కడితే వచ్చే కొత్త గది, రెండింటి మీదా నాకున్న హక్కు మొత్తం నా భార్య కిష్టమ్మది. ఆమె తర్వాత కొడుకు అనిల్‌ది. "పెండ్లి నాతోటి, కాపురం గుర్రాలతోటి" అని కిష్టమ్మ నలభై ఏళ్ళుగా అంటోంది. ఆ మాట నిజమే. ఇన్నాళ్ళకు ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఆమె ఉన్నంతకాలం ఆ గదిని అమ్మడం గానీ అద్దెకివ్వడం గానీ అనిల్ చేయరాదు.

3. సుత్తి, పట్టకారు, గిట్టలు చెక్కే కత్తి నా కూతురు లావణ్యవి. దాదర్‌లో నర్సు పని చేసే మనిషికి అవి ఎందుకంటారేమో. ఆరేళ్ళ వయసులో గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నది ఆ పిల్లే. అనిల్ ఆ పని ఒక్కనాడూ చేయలేదు. బిల్డరు మనుషులు గదులు కొలవడానికి వచ్చిన రోజు వాళ్ళ ముందే వాడు, "బాపూ, నీ గుర్రానికి ఆధార్ కార్డు ఉన్నదా? కొత్త బిల్డింగ్‌ల దానికీ ఒక ఖోలీ అడుగుదాం" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, అందుకే ఎక్కువ కోపం.

4. ఇది సుల్తాన్ సంగతి. ఇది ఆస్తి కాదు, అయినా రాయాలి.

సుల్తాన్, విక్టోరియా తోలి బతికిన మంగేష్ వాళ్ళ బండి గుర్రం. ఇరుకు తబేలాలో పన్నెండేళ్ళు నిలబడే నిద్రపోయింది. పడుకోవడానికి జాగా లేదు. బండ్లు ఆగాక మంగేష్ తాడు తెచ్చి నా చేతిలో పెట్టి, "కాకా, కసాయోడు పైసలు ఎక్కువిస్తానంటుండు. నేను ఇయ్య. వీడు ఒక్కపారన్న కాళ్ళు చాపి పండుకోవాలె" అన్నాడు.

2017 వానాకాలంలో సుల్తాన్‌ను లారీలో పాలమూరు దగ్గర మా మేనల్లుడి చేనుకు తీసుకెళ్ళాను. పన్నెండేళ్ళు ఎండుగడ్డి, శనగలు తిన్న గుర్రాన్ని ఒక్కసారిగా పచ్చగడ్డిలో వదిలేశాను. కడుపునిండా తింటుంటే చూసి సంతోషపడ్డాను. రెండో రోజు సాయంత్రం సుల్తాన్ పడుకుంది. కాళ్ళు పైకెత్తి దొర్లింది. చప్పుడు చేయవద్దని పిల్లలను తరిమాను. రోజూ మేత, నీళ్ళు, పేడ, ఏ కాలు ఎత్తింది అని రాసుకునే పుస్తకంలో ఆ రోజు "సుల్తాన్ పడుకుంది. సుఖంగా ఉంది" అని రాశాను.

అది సుఖం కాదు, కడుపునొప్పి. తెల్లారేసరికి పొట్ట ఉబ్బి చనిపోయింది. నలభై ఏళ్ళు గుర్రాల కాళ్ళు చూసిన నేను పొట్ట చూడలేదు.

తిరిగి వచ్చినప్పుడు మంగేష్ ఫోరస్ రోడ్ మలుపులో నా కోసం నిలబడి ఉన్నాడు. "పండుకున్నడా కాకా?" అని అడిగాడు. "పండుకున్నడు" అన్నాను. చనిపోయిన సంగతి చెప్పలేదు. అప్పటి నుంచి ప్రతి దసరాకు, గుర్రాలకు పూజ చేసే రోజున, ఊరికి పంపమని సుల్తాన్ కోసం బెల్లం అచ్చు ఇస్తున్నాడు. ఎనిమిది దసరాలు. ఏడు అచ్చులు వేరే గుర్రాలకు పెట్టాను. ఈసారిది పెట్టలేకపోయాను. కాగితం విప్పకుండా డబ్బాలో ఉంది. దాన్నీ, 2017 పుస్తకాన్నీ మంగేష్‌కు అప్పగించాలి.

5. చట్టం ప్రకారం చుక్క నా చరాస్తి. పదమూడో గల్లీ చివర కట్టెల గోదాము వెనక ఉంటుంది. ఆ గోదామును మా చాల్ కంటే ముందే కూలుస్తారట, తేదీ ఎవరూ చెప్పరు. చుక్కను మంగేష్‌కు రాస్తున్నాను. విరార్ అవతల అతని ఇంటి వెనక జాగా ఉంది. ముందుగా దర్శన నాలుగో అంశాన్ని అతనికి చదివి వినిపించాలి. ఆ తర్వాతే తాడు చూపించి అడగాలి. తీసుకోనంటే బతిమాలవద్దు; దర్శనే మంచి చోటు చూడాలి. ఎవరి దగ్గర ఉన్నా చుక్క పెళ్ళి బరాత్‌కు గానీ చౌపాటీ బీచ్‌లో సవారీలకు గానీ వెళ్ళరాదు. "సీజన్‌ల రెండు పెండ్లిళ్ళు చేసినా దాని మేత అదే సంపాదిస్తది" అన్న అనిల్‌కు ఇదే జవాబు.

6. చుక్కను తీసుకున్నవారికి.

పెళ్ళి ఊరేగింపుల్లో ఆడించిన గుర్రం అది. డోలు వినపడితే కుంటికాలితోనే ఆడుతుంది, దానంతట అది ఆగదు. గణపతి పది రోజులూ చెవుల్లో దూది పెట్టండి. ఎడమవైపు నుంచి దగ్గరికి వెళ్ళండి, కుడికన్ను సరిగ్గా కనపడదు.

పచ్చగడ్డి మొదటి రోజు ఒక్క గుప్పెడు. రెండో రోజు రెండు. ఇరవై రోజులు అలాగే పెంచండి. అది ఎంత అడిగినా సరే.

పడుకుంటే వెంటనే సంతోషపడకండి. పక్కన కూర్చుని పొట్టకు చెవి ఆనించండి. లోపల చప్పుడు లేకపోతే, లేదా అది దొర్లుతుంటే, లేపి నడిపిస్తూ దర్శనకు ఫోన్ చేయండి. నీళ్ళు కదిలినట్టు గుడగుడమని వినిపిస్తుంటే, నిద్రపోనివ్వండి.

తేదీ: 14 అక్టోబర్ 2024, కామాఠిపురా, ముంబయి.

(సంతకం) చిట్యాల లచ్చయ్య

పై వీలునామాపై లచ్చయ్య మా ఇద్దరి ఎదుట సంతకం చేశారు, ఆయన చూస్తుండగా మేమూ చేశాము. ఇందులో మాకు రాసిందేమీ లేదు.

సాక్షులు:
1. వెంకటయ్య, రిటైర్డ్ మేస్త్రీ, పదకొండో గల్లీ
2. సీమా, టైలర్, ఫోరస్ రోడ్