సెలవు లేకుండా ఇంటికొచ్చినవాళ్లు

ఇంటావిడకి,

ఇక్కడ క్షేమం. నీకు కోపం వస్తుందని తెలిసే ముందుగా చెప్పేస్తున్నాను, ఈసారి కూడా సెలవు ఇవ్వలేదు. నా నెత్తిన ఒక కేసు పడింది. కొండ మీది క్యాంపులో కాపలా సిపాయి ఒకడు వానాకాలంలో పోస్టు వదిలి ఇంటికి పారిపోయాడని కోర్టు మార్షల్ పెట్టారు. వాడి తరఫున వాదించమని నన్ను వేశారు. ఇప్పుడు ఇక్కడ లాకప్పులో ఉన్నాడు. రుజువైతే వాడికి ఏళ్ల తరబడి జైలు.

తమాషా ఏమిటంటే, రోజూ పొద్దున హాజరు పిలిచినప్పుడు వాడు లైన్లోనే ఉన్నాడని క్యాంపంతా ఒట్టేసి చెబుతోంది. అదే వానాకాలంలో ఇంట్లోనే ఉన్నాడనీ, కారుతున్న కప్పు బాగుచేశాడనీ వాళ్ల వీధంతా ఒట్టేసి చెబుతోంది. ఎవరివీ అబద్ధాలాడే మొహాలు కావు. కవల తమ్ముడెవడో ఉన్నాడని నా అనుమానం. సిపాయి భార్య మన వెనక వీధిలోనే ఉంటుంది, బట్టలు కుడుతుంది. కాస్త వెళ్లి కూపీ లాగు.

సెలవు దొరకని నీ మిలటరీ లాయరు

తా.క. నేను పంపానని చెప్పకు. ఏదో కుట్టించుకోడానికి వెళ్లినట్టు వెళ్లు.

*

లాయరు గారికి,

నమస్కారం. చీవాట్లు మీరు ఇంటికొచ్చాక పెడతాను. వెళ్లాను. కవలా లేడు, గివలా లేడు. ఆ అమ్మాయి మిషను ఆపకుండానే చెప్పేసింది. "మూడోసారి కూడా సెలవు లేదని ఉత్తరం వచ్చిందక్కా. ఒళ్లు మండిపోయింది. తలుపు తీసి, కంచం పెట్టి, 'వాళ్లిచ్చేదేంటి, నువ్వొచ్చి తిను' అని గట్టిగా పిలిచాను. వచ్చాడు."

వచ్చినవాడు కంచం ముందు కూర్చుంటాడట గానీ తినడట. చెమట పట్టదట. మాట్లాడడట, నవ్వుతాడట. భయం వేయలేదా అన్నాను. "మా ఆయన్ని చూసి నాకు భయమేంటక్కా" అంది. మీరేమో ఆ సిపాయి అక్కడ లాకప్పులో ఉన్నాడంటున్నారు. ఇక్కడ లోపలి గదిలో ఎవరో నడుస్తున్నారు. తొంగి చూడకుండానే వచ్చేశాను.

ఇట్లు, మీ గూఢచారి

తా.క. మీకెన్నిసార్లు సెలవు ఇవ్వలేదని ఆ అమ్మాయి అడిగింది. లెక్కపెట్టడం మానేశానన్నాను. పాపం, జాలిపడింది.

*

ఇంటావిడకి,

ఇదా నువ్వు లాగిన కూపీ? ఇది కోర్టులో చెబితే సిపాయితోపాటు నన్నూ లోపలేస్తారు. మా కల్నల్ గారు వాన పడుతోందన్నా రాతపూర్వకంగా ఇమ్మంటారు.

అయినా మనసాగక వాణ్ని అడిగాను, ఇంటికి వెళ్లావా అని. "లేద్సార్. కానీ ఆ వానాకాలమంతా నాకు ఆకలే వేయలేదు. కాపలాలో నిలబడితే మా ఆవిడ మిషను నూనె వాసన వచ్చేది" అన్నాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. వీణ్ని ఎలాగైనా ఇంటికి పంపాలి. నువ్వు మాత్రం ఆ అమ్మాయి దగ్గరికి మళ్లీ వెళ్లకు.

ఇట్లు, నీ లాయరు

తా.క. మళ్లీ సెలవు అడిగాను. మళ్లీ లేదన్నారు. రెండ్రోజులుగా నాకూ ఆకలి చచ్చిపోయింది. మా మెస్సు వంటవాడి చలవ అనుకుంటా.

*

లాయరు గారికి,

ఎంత నాటకమండీ. సెలవు లేదని ఉత్తరం రాసి, ఆ ఉత్తరంకంటే ముందే మీరు దిగిపోయారు. పోస్టుమాన్ దగ్గర దాన్ని తీసుకుని నా చేతికిచ్చింది మీరే. ఇదేంటండీ అంటే నవ్వి ఊరుకున్నారు.

ఇప్పుడు వరండాలో కూర్చుని నేను చెప్పేదంతా వింటున్నారు. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. ఒక్క మాటకీ అడ్డు రాలేదు. ఎదురుగా ఉన్న మనిషికి ఉత్తరమేంటంటారా? వచ్చిన ఉత్తరానికి జవాబివ్వడం మర్యాద కదా.

ఇట్లు, సంతోషంగా ఉన్న మీ ఆవిడ

తా.క. గిన్నెలు కడగడం మిలటరీలో నేర్పారా? ఇన్నాళ్లూ దాచారే.

*

ఇంటావిడకి,

ముందు ఆ మనిషిని బయటికి పంపి గడియ పెట్టుకో. నేను ఇక్కడ ఉన్నాను. ఈ ఉత్తరం రాస్తున్నది నేను. నమ్మకపోతే మన పెళ్లిరోజు ఎప్పుడో వాణ్ని అడుగు. వద్దులే, అది నాకూ తెలీదు. వేరే ఏదైనా అడుగు.

కేసు గెలిచాం. "నేరం పోస్టు వదిలాడని. పోస్టులో మనిషి ఉన్నాడని మీ హాజరే చెబుతోంది. ఇంటికి వెళ్లిందెవరో గానీ, దాన్ని పట్టుకునే సెక్షను మన చట్టంలో లేదు" అని వాదించాను. కల్నల్ గారు చట్టం పుస్తకం అటూ ఇటూ తిరగేసి వదిలేశారు. సిపాయి ఇంటికి బయల్దేరాడు. అన్నట్టు, నాకూ సెలవిచ్చారు. ఆదివారానికి వస్తున్నాను. నాకు భయంగా ఉంది, నీ గురించే.

ఇట్లు, అసలువాడు

తా.క. ఇవాళ గేటు దగ్గర సెంట్రీ నాకు సెల్యూట్ కొట్టలేదు. నిలదీస్తే, "ఎవరూ కనబళ్లేద్సార్" అని నా పక్కనున్న గోడ వైపు చూసి చెప్పాడు.

*

లాయరు గారికి,

కాస్త కూర్చుని చదవండి. మీ సిపాయి నిన్న వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. గేటు తెరుచుకుంది, బూట్ల చప్పుడు మెట్టు దాకా వచ్చి ఆగింది. వెళ్లి చూస్తే మెట్టు మీద బూట్లూ యూనిఫామూ ఉన్నాయి, మనిషి లేడు. అంతలోనే లోపల్నుంచి "ఆకలేస్తోంది, అన్నం పెట్టవేంటే" అని కేక. ఆ అమ్మాయి నవ్వుతూ ఏడుస్తూ వడ్డించింది. చెమటలు కారుస్తూ కంచం ఊడ్చేశాడు. ఇప్పుడు వాళ్లాయన నిండుగా ఉన్నాడు.

నాటకం మీది కాదండీ, నాది. ఆ రోజు కూపీ లాగి ఇంటికొచ్చి, ఆ అమ్మాయిలాగే తలుపు తీసి కంచం పెట్టింది నేను. ఎవరినో పిలవలేదు, మిమ్మల్నే పిలిచాను. సెలవు లేదన్న మాటతో ఎన్నాళ్లని కాపురం చేయను? మీలో చాలావరకు వచ్చేశారు. అక్కడ మిగిలింది కాస్తే.

అందుకని, తప్పకుండా రండి. భయపడకండి. మీరు మెట్టు దాకా వస్తే చాలు, మిగతాది ఇక్కడున్న ఆయన చూసుకుంటారు.

ఎదురుచూస్తూ, మీ ఆవిడ

తా.క. కవరు మీద అడ్రసు ఆయనే రాశారు. మీ దస్తూరీయే, కాకపోతే చదవడానికి వీలుగా ఉంది.