తువ్వాలు కప్పిన చట్రం

చిరంజీవి మా బంగారుతల్లికి నాన్న మనసారా దీవించి రాయునది. ఇక్కడ నేనూ, మీ అమ్మా కులాసా. నా మోకాలొక్కటే మాట వినడం లేదు. అక్కడ మీరంతా చల్లగా ఉన్నారని తలుస్తాను. ఈరోజు నా సంతోషం పట్టశక్యంగా లేదమ్మా! ఎందుకో చెబుతాను. చెబితే నువ్వు నన్ను తిడతావు కూడా. అందుకని ముందు నీ ప్రశ్నలకు జవాబులు.

పాత ఫొటోల కోసం కొన్న స్కానర్‌తోపాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ ఎలా ఉందని అడిగావు. దాని మీద నాకు నమ్మకం లేదు తల్లీ. స్కానర్ మీద ఫిల్ము పెట్టగానే "అంగీకరిస్తున్నారా?" అంటుంది. దేనికో చదువుదామంటే ఆ రాత కిందికి జారుతూనే ఉంటుంది, అంతు కనపడదు. నా ఫొటో నా కంప్యూటర్‌లోకి రావడానికి మధ్యలో ఎవరి పెత్తనం ఇది? అందుకే ఇంటర్నెట్ తీగ ఊడబీకి గానీ పని మొదలుపెట్టను. దుమ్ము తుడిచే బటన్ ఒకటుంది. దానికి పేటెంట్ ఉందని గొప్పగా రాసుకున్నారు. పెళ్లయిన కొత్తలో మీ అమ్మను తీసిన ఫొటో పెట్టి నొక్కితే, దుమ్ముతోపాటు గడ్డం మీది పుట్టుమచ్చను కూడా తుడిచేసింది! మీ అమ్మ చూసి, "ఎవరండీ ఈవిడ?" అని నిలదీసింది. దుమ్మేదో, మనిషేదో తెలియనిదానికి పేటెంట్ ఒకటి.

నువ్వు చెప్పిన ఉచిత సాఫ్ట్‌వేర్ మచ్చ జోలికి పోలేదు. లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చన్నావు, బాగుంది. కానీ ఊరికే ఎందుకిస్తారమ్మా? నేను గొడుగులు బాగుచేసే రోజుల్లో ఊరికే ఒక కుట్టు వేసి ఇచ్చినా, జనం నావైపు అదోలా చూసేవారు.

ఇక నా చట్రం సంగతి. పాత ఫిల్ము దోనెలా ముడుచుకుపోతుంది. స్కాన్ చేస్తే మధ్యలో బాగానే వచ్చినా అంచులు మసకబారతాయి. గొడుగుకు గుడ్డ బిగించినట్టే, విరిగిన గొడుగు చువ్వలతో ఫిల్మును నాలుగువైపులా లాగిపట్టే చట్రం చేశానని రాశాను కదా. పేటెంట్‌కు దరఖాస్తు తయారుచేస్తున్నానని, అది పంపేదాకా ఎవరికీ చూపించొద్దని, ఒకసారి బయటపడితే ఇక పేటెంట్ రాదని నువ్వు మరీమరీ రాశావు. నీ మాట జవదాటలేదు. చట్రం మీద తువ్వాలు కప్పాను. కిటికీకి తెర వేశాను. స్కానింగ్ షాపాయన వస్తే గుమ్మం దగ్గరే కూర్చోబెట్టి టీ ఇచ్చాను. ఆయన చూపంతా తువ్వాలు మీదే ఉన్నట్టు నాకనిపించింది.

నిన్న మీ అమ్మతో కలిసి ఆ షాపుకెళ్తే ఏముంది, బల్ల మీద నా చట్రం! చువ్వలతో సహా!

"ఎప్పుడెత్తావయ్యా నా తువ్వాలు?" అని వీధంతా వినపడేలా అరిచాను.

"తువ్వాలేంటి బాబాయిగారూ?" అని ఆయన తెల్లబోయాడు. "ఫొటో క్లబ్బు గోడ మీద మీరు పెట్టిందే కదా! కింద మీరు రాసింది చూసే చేసుకున్నాను."

మీ అమ్మ నా మోచెయ్యి గిల్లింది. "ఏవండీ... నా ఫొటో."

ఇదమ్మా, ఇంతసేపూ గొంతులో ఆపుకున్న మాట. క్లబ్బు ప్రదర్శనలో మీ అమ్మ ఫొటోకు మొదటి బహుమతి వచ్చిందని పోయినసారి రాశాను కదా. ఆవిడ చేతుల్లో ఏముందో రాయలేదు. నేనే చూసుకోలేదు! కెమెరా చూస్తే మూతి బిగించే మనిషి, ఆ ఫొటో తీసినరోజు చువ్వ జారి ఫిల్ము ముక్కుకు తగిలేసరికి పగలబడి నవ్వింది. నాకు నవ్వు కనపడింది, మచ్చ కనపడింది. చట్రం కనపడలేదు. పైగా కింద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: "గొడుగు చువ్వలతో ఫిల్ము సాగదీస్తున్న మా ఆవిడ." లోకాన్నంతా అనుమానించి, గుట్టు విప్పింది నేనే తల్లీ.

నా మొహం చూసి షాపాయన మెల్లగా ఒక ఫొటో తెచ్చాడు. ఆ చట్రంతో స్కాన్ చేసిందేనట. ఇంటిల్లిపాదీ నిలబడ్డ పాత ఫొటో. మధ్యలో చిన్నపిల్లాడు ఆయనే. ఇక అంచున ఉన్నది, ఆయనకు ఊహ తెలియకముందే పోయిన తల్లి.

"ఇక్కడంతా మసకే బాబాయిగారూ. అమ్మ ఎటో చూస్తోందనుకునేవాణ్ణి ఇన్నేళ్లూ," అన్నాడు. "నన్నే చూస్తోంది."

ఈయన్నా నేను దొంగా అనబోయింది! ఆయన చేతులు రెండూ పట్టుకున్నాను.

అందుకని ఆ దరఖాస్తు పంపకమ్మా. ఎవరూ చూడలేదని నీ చేత అబద్ధం రాయించలేను. తువ్వాలు మీ అమ్మ ఉతికి ఆరేసింది. "చేతికొచ్చింది పోగొట్టుకుని ఈ ఆనందమేంటండీ? ఇంకేం దాస్తున్నారు?" అని పొద్దున్నుంచీ నన్ను అనుమానంగా చూస్తోంది.

నీ చిన్నప్పటి ఫిల్ములు పైకి తీశాను. అన్నిటిలోనూ నువ్వు మధ్యలో, మీ అమ్మ అంచున. చట్రంతో స్కాన్ చేసిన మొదటిది ఇందులో పెడుతున్నాను. ఆవిడ ఎటు చూస్తోందో నువ్వే చూడు.

ఇట్లు,
ఇంటర్నెట్ తీగ మాత్రం ఇంకా ఊడబీకే ఉంచిన
నీ నాన్న