తడి చెయ్యి

అక్కా,

ఉద్యోగం ఎలా ఉందని అడిగావుగా, బాగానే ఉంది. తెల్ల కోటు వేసుకుంటే కాస్త పెద్దమనిషిలా ఉన్నానని బావతో చెప్పు, నవ్వుతాడు.

మా ల్యాబులో పరిశోధన అమ్మను తీసుకుపోయిన జబ్బు మీదే. అందుకే చేరానని మొదట ఇక్కడెవరికీ చెప్పలేదు. కొత్తగా చేరినవాళ్లు జన్యుపరీక్ష తమ రక్తంతోనే నేర్చుకోవాలట. నేనూ ఇచ్చాను. తీరా పరీక్ష మొదలుపెట్టే ముందు నా మొహం పాలిపోవడం చూసి మా ల్యాబు మేడమ్ ఏమైందని అడిగారు. చెప్పేశాను. ఆవిడ వెంటనే నా రక్తం ఉన్న ట్యూబు తీసి నా చేతిలో పెట్టారు.

“అమ్మకుంటే పిల్లలకూ రావచ్చు కదమ్మా. ఇది నేర్చుకోవడానికి చూసుకునేది కాదు. డాక్టరు దగ్గర పద్ధతిగా పరీక్ష చేయించుకో. తోబుట్టువులున్నారా?”

“అక్క ఉందండీ.”

“అయితే ముందు ఆమెతో మాట్లాడు.”

ట్యూబు పారేశాను, కానీ మనసు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్లాలో తోచదు. నీ నంబరు నొక్కుతాను, మళ్లీ పెట్టేస్తాను. నీ గొంతు వింటే అడగలేను.

మొన్న మనం ఫోనులో మాట్లాడుతుండగా నీ చేతిలో గ్లాసు జారి పగిలింది. “చెయ్యి తడిగా ఉందిలేవే” అన్నావు. జబ్బు మొదట్లో చేతిలోవి జారిపోతుంటే అమ్మ కూడా అలాగే అనేది.

నిజంగా తడి చెయ్యేనా అక్కా?

జవాబు ఏదైనా సరే, డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసే వెళదాం. చిన్నప్పుడు సూది అంటే నేను నీ వెనకాల దాక్కునేదాన్ని, నువ్వే ముందు చెయ్యి చాపేదానివి. ఈసారి ముందు నేను.

నీ చెల్లి